నియమం దేనికి కూలి ఇస్తుంది?

ప్రగతిశీల విమర్శలో రూపసారాల చర్చ పాతదే. అయినా ఆచరణలో మనం ఎక్కువగా చూసేది వస్తువునే. కథ ఎవరి గురించి, రచయిత ఎవరి పక్షం, ముగింపు ఏం చెబుతోంది అనే మూడు ప్రశ్నలతో తీర్పు ముగిసిపోతుంది. ఈ పద్ధతి ఎంత అసంపూర్ణమో తెలుసుకోవడానికి, సాహిత్యం పొలిమేరల్లో ఉన్న ఒక సామూహిక కళారూపం బాగా పనికొస్తుంది. అది కాగితం, పెన్సిలు, పాచికలతో నలుగురు బల్ల చుట్టూ కూర్చొని ఆడే పాత్రధారణ ఆట. వాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. ఈ యాభై ఏళ్లలో అనేక కూర్పులుగా వచ్చింది. వస్తువు పెద్దగా మారలేదు. అవే నేలమాళిగలు, అవే రాక్షసులు, అవే నిధులు. మారినవి నియమాలు. వాటితోపాటు ఆడే తీరు మారింది. వస్తువు నిలకడగా ఉండి రూపం మాత్రమే మారితే ఏమవుతుందో పరిశీలించే అవకాశం విమర్శకుడికి ఇంత స్పష్టంగా మరోచోట దొరకదు.

ఆట పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు. ఒక నిర్వాహకుడు ఉంటాడు. లోకాన్నీ, అందులోని శత్రుమిత్రులనూ అతడే వర్ణిస్తాడు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. “తలుపు తెరుస్తాను”, “కాపలావాడితో బేరమాడతాను” అని చెబుతారు. ఫలితం సందేహాస్పదమైనప్పుడు పాచిక తేలుస్తుంది. పాత్రకు ‘అనుభవ పాయింట్లు’ వస్తాయి, అవి పోగైతే స్థాయి పెరుగుతుంది, బలం పెరుగుతుంది. మన వైకుంఠపాళిలో ఆటగాడికి ఎంపిక లేదు, పాచిక ఎటు తీసుకుపోతే అటు. ఇక్కడ ఎంపికంతా ఆటగాడిదే. కనుక నియమం మనిషిని తోసుకుపోదు, ఆశ చూపి నడిపిస్తుంది. బడిలో పాఠం చెప్పేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. పాఠ్యపుస్తకం ముందుమాటలో ఎన్ని ఆదర్శాలు రాసినా, పిల్లవాడు చదివేది మార్కులు వచ్చే ప్రశ్నలనే.

ఈ ఆట యుద్ధక్రీడల కడుపున పుట్టింది. రూపకర్తలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. 1971 నాటి ‘చెయిన్‌మెయిల్’ అనే యుద్ధక్రీడలో దళాలు పోరాడేవి. 1974 నాటికి దళం స్థానంలో ఒక్క మనిషి వచ్చాడు. తొలి కూర్పుల్లో అతనికి అనుభవం ప్రధానంగా ఎక్కడినుంచి వస్తుంది? బంగారం నుంచి. తవ్వి తెచ్చిన ఒక్కో నాణేనికి ఒక్కో పాయింటు. శత్రువును ఓడించినా పాయింట్లు వస్తాయి కానీ, 1975 నాటి అనుబంధంతో అవి బాగా తగ్గిపోయాయి.

చూడగానే ఇది నగ్నమైన దోపిడీ నియమం. ఎంత దోచుకుంటే అంత అనుభవజ్ఞుడు! వస్తువును మాత్రమే చూసే విమర్శకుడు ఇక్కడే తీర్పు రాసి లేచిపోతాడు. కానీ ఈ నియమం బల్ల మీద ఏ ప్రవర్తనను పుట్టించిందో చూద్దాం.

టామ్ మోల్డ్‌వే కూర్చిన 1981 నాటి ప్రవేశిక తీసుకుందాం. అందులో యోధుడు రెండో స్థాయికి చేరాలంటే 2,000 పాయింట్లు కావాలి. ఆర్క్ అనే మామూలు రాక్షసుణ్ణి ఓడిస్తే వచ్చేవి 10. అంటే నలుగురు యోధుల జట్టు కేవలం పోరాడి పైకి రావాలంటే 800 ఆర్క్‌లను ఓడించాలి. ఒక్కో యోధుడి ప్రాణబలమేమో ఎనిమిది ముఖాల పాచిక ఒక్కసారి వేస్తే వచ్చినంత. రెండు దెబ్బలు బతకడమే కష్టం. పైగా ప్రతి ఇరవై నిమిషాల ఆటకాలానికీ నిర్వాహకుడు ఆరు ముఖాల పాచిక వేస్తాడు. ఒకటి పడితే ఎక్కడినుంచో ఒక సంచార శత్రువు వస్తుంది. దానివల్ల లాభం స్వల్పం, ప్రమాదం పెద్దది. ఆలస్యం చేసేకొద్దీ ముప్పు పెరుగుతుంది.

ఫలితమేమిటి? తెలివైన ఆటగాడు పోరాటం తప్పించుకుంటాడు. దొడ్డిదారి వెతుకుతాడు, లంచమిస్తాడు, బేరమాడతాడు, పారిపోతాడు. ఎదురైన శత్రువు దాడి చేస్తుందా, మాట వింటుందా అనేది కూడా రెండు పాచికలు తేలుస్తాయి. సగం మంది పడిపోతే మిగిలినవారు నిలబడతారా, కాలికి బుద్ధి చెబుతారా అనేదానికి మరో నియమం ఉంది. శత్రువుకు భయం ఉంది, మనసు మారే వీలుంది. దోపిడీకి కూలి ఇచ్చిన నియమం, తాను అనుకోకుండానే, చంపడాన్ని లాభం లేని పనిగా మార్చింది.

ఆ తర్వాత కథలో ఉదాత్తత కావాలన్న కోరిక బలపడింది. 1984 నుంచి వచ్చిన ‘డ్రాగన్‌లాన్స్’ సాహసాల్లో నాయకులు లోకాన్ని రక్షించే వీరులు. కొత్త సారం వచ్చింది, పాత రూపం ఇంకా నాణేలు లెక్కిస్తూనే ఉంది. సారం ముందు మారి రూపం వెనకబడడం మనకు తెలిసిన సూత్రమే. 1989 నాటి రెండో కూర్పులో బంగారానికి పాయింట్లివ్వడం ఐచ్ఛికమై పక్కకు తప్పుకుంది. 2000లో వచ్చిన మూడో కూర్పులో పూర్తిగా పోయింది. దురాశ పోయింది, సంతోషమే. మరి ఖాళీ అయిన ఆ స్థానంలోకి ఏమొచ్చింది?

మూడో కూర్పులో ప్రతి శత్రువుకూ ఒక ‘సవాలు విలువ’ కట్టారు. ఓడిస్తే ఆ విలువను బట్టి పాయింట్లు. చంపితీరాలని పుస్తకం అనలేదు, సవాలును అధిగమిస్తే చాలంది. కానీ పట్టిక ప్రధానంగా లెక్కించింది శత్రువు బలాన్నే. ఇప్పుడు అదే నలుగురు రెండో స్థాయికి చేరడానికి సుమారు 27 ఆర్క్‌లు చాలు. 800 ఎక్కడ, 27 ఎక్కడ! శత్రువు ధైర్యం సడలే పాత పాచిక కూడా పోయింది. ఎదుటివాడు ఇప్పుడు తప్పించుకోవలసిన ముప్పు కాదు, పండిన పంట. వీరగాథ చెప్పాలనుకున్న నియమం వధకు కూలి పెంచింది. దోపిడీని ముఖాన రాసుకున్న కూర్పుకన్నా, వీరత్వాన్ని ముఖాన రాసుకున్న కూర్పులో పోరాటమే ఎక్కువ. వస్తువు ఆధారంగా ఇచ్చే తీర్పు ఇక్కడ తలకిందులవుతుంది.

2008 నాటి నాలుగో కూర్పు ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లింది. పాత్ర శక్తులను ఎప్పుడైనా వాడేవి, పోరాటానికొకసారి వాడేవి, రోజుకొకసారి వాడేవి అని విభజించింది. దూరాలను గళ్లలో కొలిచింది. బొమ్మలూ గళ్ల పటమూ లేకుండా ఆడడం కష్టమైంది. 2014 నాటి ఐదో కూర్పు పోరాటం, అన్వేషణ, సంభాషణ మూడూ మూలస్తంభాలని ప్రకటించింది. కానీ నియమాల్లో అత్యధికం మొదటి స్తంభానివే. ప్రకటన ఒకటి, పేజీల పంపకం మరొకటి!

నియమం ప్రవర్తనకే కాదు, పుట్టుకకు కూడా విలువ కడుతుంది. 1974లో మరుగుజ్జు జాతి పాత్ర ఆరో స్థాయిని దాటడానికి వీల్లేదు, మనిషికి ఆ అడ్డు లేదు. 1978 నాటి నియమావళి స్త్రీ పాత్ర శారీరక బలానికి పురుషుడికన్నా తక్కువ హద్దు గీసింది. రాక్షసులను మాంత్రికులు ఎగిరి కొట్టే లోకంలో వాస్తవికత గుర్తొచ్చింది స్త్రీ దగ్గర మాత్రమే! 1989లో ఆ హద్దూ, 2000లో జాతుల స్థాయి పరిమితులూ తొలగాయి. 2024 సవరణలో సామర్థ్యాల అదనపు విలువలను జాతి నుంచి తీసి, పాత్ర పెరిగిన నేపథ్యానికి ముడిపెట్టారు. పుట్టుకే అర్హత అన్న సూత్రాన్ని పుట్టుకనుంచే ఎరిగిన మన సమాజానికి ఈ మార్పు విలువ వేరే చెప్పాలా?

పాత కూర్పులను తలకెత్తుకోవడం కూడా పొరపాటే. 1974 నియమాల్లో యోధుడి ప్రయాణం ఎక్కడ ముగుస్తుందో చూడండి. కోట కట్టి ప్రభువవుతాడు, తన ఏలుబడిలోని మనిషికి ఏడాదికి పది బంగారు నాణేల చొప్పున పన్ను వసూలు చేస్తాడు. దోపిడీదారు క్రమంగా భూస్వామి అవుతాడు. చరిత్రను ఇంత నిజాయితీగా ఒప్పుకున్న వినోద సాధనాలు తక్కువే. అయితే ఆ పన్ను కట్టే మనిషి పాత్రలో ఎవరూ కూర్చోరు. నియమం దేన్ని లెక్కిస్తుందో చూసినట్టే, ఎవరి గురించి మౌనంగా ఉంటుందో కూడా చూడాలి.

నియమమే సర్వస్వమైతే ఆటగాడు కీలుబొమ్మేనా అని కొందరు అడగవచ్చు. కాదు. బల్ల దగ్గర నియమాలను సవరించుకోవడం ఈ ఆటతోపాటే పుట్టింది. పాత ఆటతీరు కావాలనుకున్నవారు 2006లో ‘ఓస్రిక్’ పేరుతో తొలినాటి నియమాలను తిరిగి కూర్చి ఉచితంగా పంచారు. 2000లో ప్రచురణ సంస్థ ఇచ్చిన బహిరంగ అనుమతి దానికి ఆధారం. ఆ అనుమతిని మార్చాలని 2023 జనవరిలో సంస్థ ప్రయత్నించగా ఆటగాళ్లు, చిన్న ప్రచురణకర్తలు పెద్ద ఎత్తున తిరగబడ్డారు. ఆ నెలలోనే సంస్థ వెనక్కి తగ్గి ఐదో కూర్పు మూల నియమాలను అందరూ వాడుకునే లైసెన్సు కింద విడుదల చేసింది. సమష్టిగా అల్లుకునే కథకు సొంతదారు ఎవరన్న ప్రశ్న అప్పుడు బయటపడింది. నియమం మనుషుల్ని మలుస్తుంది, మలచబడిన మనుషులే నియమాన్ని తిరగరాస్తారు. ఈ రెండో సగాన్ని మరిస్తే మన విశ్లేషణ యాంత్రికమవుతుంది.

కథకూ, నవలకూ ఇలాంటి పట్టికలు అచ్చులో కనిపించవు. కానీ ఉంటాయి. ఏ పాత్ర బాధకు పేజీలు దక్కాయి, ఎవరి చావు ఒక్క వాక్యంలో ముగిసింది, ఏ ప్రవర్తనకు ముగింపు బహుమానం ఇచ్చింది అనేవే ఆ పట్టికలు. పేదవాడి గురించి రాసిన కథ కూడా లోపల యజమాని ఔదార్యానికే కూలి చెల్లిస్తుండవచ్చు. రచన జెండా మీద ఏం రాసుందో చదవడం సులువు. దాని జమాఖర్చుల పుస్తకం విప్పి చూడడమే విమర్శకుడి పని.