ఆకు తిరగేసి చూసే రైతు

మెంథాల్ పుదీనా చేను గట్టు మీంచి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. నాకు మాత్రం చేలోకి దిగి, వంగి, మొక్క మొదట్లోని ముదురాకుల్ని తిరగేసి చూసే రైతంటేనే గురి.

ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ, సంభల్, రాంపూర్ వైపు ఈ పైరును నూనె కోసమే వేస్తారు. మనం నుదుటికి రాసుకునే బామ్‌లో, దగ్గుబిళ్లలో చల్లదనం ఆ నూనెలోని మెంథాల్‌దే. కాండంలో నూనె దాదాపు ఉండదు. ఉన్నదంతా ఆకుల మీద, కంటికి ఆనని గ్రంథుల్లో, పలచటి పొర కింద దాగి ఉంటుంది. ఆకు ముదిరేకొద్దీ అందులోని మెంథోన్ అనే పదార్థం మెంథాల్‌గా మారుతుంది. అంటే విలువైన సరుకు కింది ఆకుల్లోనే ఎక్కువ. గుబురులో గాలి ఆడక, తేమ ఆరక తెగులు ముందు పట్టేదీ వాటికే.

తుప్పు తెగులైతే ఆకు అడుగున గోధుమరంగు పొక్కులు లేస్తాయి. వేలితో రాస్తే పొడి అంటుతుంది. గోధుమకు పట్టే కాండం తుప్పు తన జీవితచక్రం పూర్తిచేసుకోవడానికి మరో జాతి మొక్కను ఆశ్రయించాలి. పుదీనా తుప్పుకు ఆ అవసరం లేదు, పుదీనా ఒక్కటే చాలు. ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం తెచ్చే మచ్చలు ఒకదాన్నొకటి కలుపుకుని ఆకును ఎండగట్టి రాల్చేస్తాయి. బూడిద తెగులుకు ఆకు తడవనక్కర్లేదు కూడా.

ఆకు రాలిన పైరును కోసి నూనె తీసే బట్టీకెక్కిస్తే కాడలు ఉడుకుతాయి, నూనె దిగదు. కట్టెల ఖర్చు మాత్రం తగ్గదు. రైతుకు ఇంతకన్నా కడుపుకోత ఏముంటుంది?

కోత దగ్గరపడ్డాక తెగులు కనిపిస్తే మందు కొట్టకుండా, నాలుగు రోజులు ముందే కోసేయడం మేలని నా గట్టి నమ్మకం. పై ఆకుల్లో మెంథాల్ కాస్త తక్కువుంటే ఉండనీ, రాలిన ఆకులో అసలేమీ దక్కదు. పైగా ఈ నూనె మనుషుల నోటికీ ముక్కుకూ చేరేది.

లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ శాస్త్రవేత్తలు రూపొందించిన హిమాలయ రకం తుప్పు, ఆల్టర్నేరియా, బూడిద తెగుళ్లను తట్టుకుంటుంది. వాళ్ల శ్రమకు నమస్కరిస్తాను. కానీ ఈ పైరును విత్తనంతో కాక పిలకలతో నాటుతారు. ఒకే రకం వేసిన ఊళ్లో చేలన్నీ నిజానికి ఒకే మొక్క. ఒకదాన్ని లొంగదీసిన తెగులుకు మిగతావేవీ అడ్డు కావు. అందుకే జనవరిలో పిలకలు తవ్వే మడిని అప్పటికప్పుడు ఎంచుకోకూడదు. కిందటి కోతనాడే, ఆకులు శుభ్రంగా ఉన్న మడి చూసుకుని గుర్తు పెట్టుకోవాలి.