చూడనిస్తేనే మన వైపు తిరుగుతుంది

ఇంట్లో పిల్లల పక్కన ముడుచుకుని పడుకునే కుక్కే, గేటు దాటాక ఎదురుగా ఇంకో కుక్క కనిపిస్తే గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. లీష్ తెగేలా లాగుతుంది, వెనక కాళ్ల మీద లేస్తుంది, గొంతు చించుకుని అరుస్తుంది. చూసేవాళ్లు పొగరంటారు, పెంచేవాళ్లు మొండితనమంటారు. శిక్షకులు దీన్ని ‘రియాక్టివ్’ కుక్క అంటారు. చాలాసార్లు ఆ అరుపు వెనక ఉండేది భయమే. దగ్గరికి రావద్దని చెప్పడానికి కుక్కకు తెలిసిన దారి అది. కొన్ని కుక్కల్లో అది ఆత్రం. వెళ్లి పలకరించాలని ఉంటుంది, లీష్ వెళ్లనివ్వదు, ఆ చిరాకంతా అరుపవుతుంది.

ఈ అలవాటు ముదరడానికి కారణం ఉంది. మన కుక్క అరుస్తుంది, ఎదుటి మనిషి తన కుక్కను తీసుకుని తన దారిన వెళ్లిపోతాడు. అతను ఎలాగూ వెళ్లేవాడే. కానీ మన కుక్క లెక్కలో అరుపు పనిచేసింది. వాకింగ్‌కు వెళ్లిన ప్రతిసారీ అదే పాఠం వల్లె వేస్తుంది. లీష్ గట్టిగా గుంజినా, ముళ్ల బెల్టు వేసినా అరుపు ఆ పూటకు ఆగవచ్చు, భయం మాత్రం పెరుగుతుంది. ఇంకో కుక్క కనిపించినప్పుడల్లా మెడ నొప్పి పుడుతుందని అది నేర్చుకుంటుంది. గుర్రుమంటే దెబ్బ పడుతుందని తెలిసిన కుక్క గుర్రుమనడం మానేసి నేరుగా కరిచే ప్రమాదమూ ఉంది. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో తన వైఖరి స్పష్టంగా ప్రకటించింది: ప్రవర్తన సమస్యలు సహా ఏ శిక్షణకైనా బహుమతి పద్ధతులే వాడాలి.

ఆ పద్ధతుల వంశవృక్షం కుక్కలతోనే మొదలై, మధ్యలో మనుషుల దగ్గరికి వెళ్లి, మళ్లీ కుక్కల దగ్గరికి వచ్చింది. తిండికి ముందు వచ్చే సంకేతానికే కుక్కకు లాలాజలం ఊరుతుందని రష్యాలో శాస్త్రవేత్త పావ్లోవ్ చూపించాడు. 1924లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ ఓ చిన్న పిల్లాడి కుందేలు భయం పోగొట్టిన తీరు రాసింది. పిల్లాడు ఇష్టమైనది తింటున్నప్పుడు, బోనులో ఉన్న కుందేలును అతని తిండికి అడ్డురానంత దూరంలో పెట్టేవారు. మెల్లమెల్లగా దగ్గరికి జరిపారు. చివరికి పిల్లాడు దాన్ని చేత్తో నిమిరాడు. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే 1950ల్లో దీన్నే పెద్దల భయాలకు చికిత్సగా మలిచాడు. మరోవైపు 1940ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ శిష్యులు కెల్లర్, మరియన్ బ్రెలాండ్ దంపతులు, జంతువు సరైన పని చేసిన క్షణాన్ని ఓ చిన్న శబ్దంతో సూచించి వెంటనే తిండి ఇచ్చే పద్ధతికి దారి వేశారు. హవాయిలో డాల్ఫిన్లకు ఈలతో నేర్పిన కరెన్ ప్రయర్ 1984 నాటి తన పుస్తకంతో దాన్ని మామూలు పాఠకుల దాకా తెచ్చింది. 2007లో కుక్కల శిక్షకురాలు లెస్లీ మెక్‌డెవిట్ ‘కంట్రోల్ అన్‌లీష్డ్’ పుస్తకంలో ఈ పాయలన్నీ కలిపి, ఉద్రేకపడే కుక్కలకు పనికొచ్చే ఆటలుగా కూర్చింది.

ఈ సంప్రదాయం మొత్తానికి ఆయువుపట్టు దూరం. ప్రతి అడవి జంతువుకూ ఫలానా దూరం దాటి శత్రువు దగ్గరికొస్తే పారిపోయే హద్దు ఒకటి ఉంటుందని స్విట్జర్లాండ్ జూ అధికారి హైనీ హెడిగర్ చెప్పాడు. లీష్‌కు కట్టిన కుక్క పారిపోలేదు కాబట్టి అరుస్తుంది. ఎదుటి కుక్క ఆ హద్దుకు అవతల ఉన్నంతసేపే మన కుక్క నేర్చుకోగలదు. హద్దు ఎక్కడుందో మన కుక్క ఒళ్లే చెబుతుంది. అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు ఠక్కున మూసుకుంటుంది, ఒళ్లు బిగుస్తుంది, చూపు అతుక్కుపోతుంది. పక్కకు చూస్తూ కంటి తెల్లగుడ్డు చూపడం, మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం కూడా గుర్తులే. చేతిలోని చికెన్ ముక్కను మర్యాదగా తీసుకునే కుక్క వేళ్లు కొరికేలా లాక్కుందంటే హద్దు దగ్గరపడినట్టు. అసలు తీసుకోలేదంటే దాటిపోయినట్టే. అప్పుడు పాఠాలు ఉండవు, వెనక్కి తిరిగి వెళ్లిపోవడమే.

దూరం దొరికాక వరుస ముఖ్యం. ముందు ఎదుటి కుక్క కనపడాలి, ఆ తర్వాతే ముక్క రావాలి. చాలామంది ఇక్కడే తడబడతారు. దూరాన కుక్కను చూసి కంగారుగా ముక్క తీస్తారు. రోజూ ఇదే జరిగితే ముక్క బయటికి రావడమే ప్రమాద సూచన అవుతుంది, కుక్క ముక్కనే అనుమానిస్తుంది. వరుస సరిగ్గా ఉంటే ఎదుటి కుక్కే మంచి కబురవుతుంది.

మెక్‌డెవిట్ ‘లుక్ ఎట్ దట్’ ఆట దీని మీదే నిలబడింది. పాతకాలపు శిక్షకులు ‘అటు చూడకు, నన్ను చూడు’ అని పట్టుబట్టేవారు. భయపెట్టేదాన్ని చూడకుండా ఉండటం ఏ జీవికైనా కష్టం. ఈ ఆటలో చూడటానికే బహుమతి. కుక్క అటు చూసిన క్షణంలో ‘టిక్’మని మోగే క్లిక్కర్ నొక్కుతారు, లేదా ‘యెస్’ లాంటి పొట్టి మాట ఒకటి అంటారు. ఆ శబ్దం వినగానే అది ముక్క కోసం మన వైపు తిరుగుతుంది. ఇంట్లో అటూ ఇటూ కదలని మామూలు వస్తువుతో మొదలుపెట్టి, తర్వాత దూరంగా ఉన్న నెమ్మది కుక్కతో సాగిస్తారు. కొన్నాళ్లకు శబ్దం కోసం ఆగకుండా, అటో చూపు చూసి తనంతట తనే తిరిగి మన ముఖంలోకి చూస్తుంది. మనం కోరుకున్న ఏకాగ్రత అలా వస్తుంది.

ఈ శిక్షణలో రెండో సగం ఇంట్లో జరుగుతుంది. ప్రశాంతంగా ఉండటం కూడా నేర్పాల్సిన విద్యే. పశువైద్యురాలు కరెన్ ఓవరాల్ ఇందుకు 15 రోజుల క్రమం రూపొందించింది. కుక్క చాప మీద కూర్చునో పడుకునో ఉంటుంది. మనం ఓ అడుగు వెనక్కి వేస్తాం, చప్పట్లు కొడతాం, తలుపు దాకా వెళ్లొస్తాం, కాలింగ్ బెల్ మోగిస్తాం. కదలకుండా, ఒళ్లు వదులుగా పెట్టుకున్నందుకు ముక్క. ఆ చాప మీద ఆ అలవాటు కుదిరాక చాపను వరండాలోకి, ఆ తర్వాత మేడ మీదికి తీసుకెళ్లవచ్చు.

అమెరికా కాలిబాటలను దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకాలు మన వీధులకు అచ్చంగా సరిపోవు. హైదరాబాద్‌లో, విజయవాడలో లీష్ లేని వీధి కుక్కలు తమ సరిహద్దు కాపాడుకోవడానికి అవే దగ్గరికొస్తాయి, దూరం మన చేతిలో ఉండదు. అందుకని ఏ మలుపు దగ్గర ఏ గుంపు ఉంటుందో గమనించి దారి ఎంచుకోవాలి. రద్దీ లేని వేళ బయల్దేరాలి, ఆగి ఉన్న కారును అడ్డుతెరగా వాడుకోవాలి. ‘పద’ అనగానే మనతో గిరుక్కున వెనుదిరగడం ముందే ఇంట్లో ఆటగా నేర్పి ఉంచాలి. వీధి కుక్క వెంటపడితే గుప్పెడు ముక్కలు దాని వైపు విసిరితే, అది ఏరుకునేలోగా తప్పుకోవచ్చు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే కుక్క ఎదురుపడే అపార్ట్‌మెంట్లలో మెట్లే నయం. దీపావళి వారం వాకింగ్ తగ్గించి, ఇంట్లోనే తువ్వాలు మడతల్లో తిండి దాచి వెతికిస్తే ముక్కుకు పని, మనసుకు విశ్రాంతి.

ఆటలతో తీరనివీ ఉన్నాయి. ఉన్నట్టుండి కోపం మొదలైన కుక్కకు చెవిలోనో పంటిలోనో తుంటి కీలులోనో నొప్పి ఉండొచ్చు, ముందు డాక్టరుకు చూపించాలి. భయం మరీ లోతుగా ఉంటే డాక్టరు మందులూ రాస్తారు. కరిచిన చరిత్ర ఉంటే మూతికి బుట్టలాంటి చిక్కం అలవాటు చేయాలి, రేబిస్ టీకా ఎలాగూ తప్పదు.

ఫలితాన్ని ఎలా కొలవాలన్నది చివరి మాట. వీధిలో ఎదురైన ప్రతి ఒక్కరితోనూ మనం స్నేహం చేయం, కుక్క మాత్రం ప్రతి కుక్కతోనూ ఆడుకోవాలనడం అన్యాయం. హద్దు ఎన్ని అడుగుల దూరంలో ఉంది, ఉలిక్కిపడ్డాక తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది అనే రెండూ రాసుకుంటే చాలు. ఆ అంకెలు మెల్లగా తగ్గుతుంటే పని జరుగుతున్నట్టే. ఓ రోజు ఒక్కసారిగా పెరిగితే నింద కుక్క మీద వేయకుండా, మర్నాడు ఇంకాస్త దూరం నుంచి మొదలుపెట్టాలి.