ఖిల్లా కథ చెప్పే తీరు

పాతబస్తీలో పెరిగిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చార్మినార్ కింది నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందని ఒట్టేసి చెబుతాడు. గుర్రం పట్టేంత వెడల్పని ఒకడంటే, ఏనుగే పడుతుందని పక్కవాడు పందెం కాస్తాడు. ఇన్ని తరాల్లో దాని మూత ఎత్తినవాడు ఒక్కడూ లేడు. దొరకకపోవడమే మేలయింది. దొరికి ఉంటే ఈపాటికి టికెట్టు పెట్టి, ట్యూబులైట్లు బిగించి, గోడల నిండా ప్రేమికుల పేర్లు చెక్కి ఉండేవాళ్లం. దొరకని సొరంగం మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగానే ఉంది.

నేల మీది దారి కూడా తక్కువదేం కాదు. చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న చార్‌కమాన్‌లో పడమటి కమాను పేరు సెహర్-ఎ-బాతిల్. చేతబడులు, మంత్రాలు చెల్లకుండా చేసే కమాను అది. రాజమహలుకు పోయే వాకిలికి అలాంటి రక్ష కట్టుకున్న ఊళ్లో మాంత్రికుడు ఎక్కడో పొంచి ఉన్నాడనే కదా లెక్క! అక్కణ్ణుంచి మూసీ దగ్గరికి వస్తే 1578 నాటి పురానాపూల్. వరదలో గుర్రాన్ని దూకించి ప్రియురాలి కోసం ఏరు దాటిన షాజాదా కథ ఈ వంతెనకు అంటుకునే ఉంది. ఆ ప్రియురాలు భాగమతి అసలు ఉందా లేదా అని చరిత్రకారులు ఇంకా కొట్లాడుకుంటున్నారు. వాళ్ల పని వాళ్లది. వంతెన దాటితే ఒకప్పుడు వజ్రాల వర్తకులు మకాం పెట్టిన కార్వాన్, ఆపైన లంగర్‌హౌజ్, ఆ తర్వాత ఖిల్లా.

ఖిల్లాను చూడకముందే మనకు ఖిల్లా తెలుసు. చూపించినవాడు చిత్ర. అసలు పేరు టి.వి. రాఘవన్. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘పాతాళదుర్గం’ సీరియళ్లకు ఆయన గీసిన కోటలు ఎప్పుడూ పూర్తిగా కనపడవు. ఒక బురుజు, దాని వెనక చీకటి, మెట్ల మీద కాగడా పట్టుకున్న ఒక చెయ్యి, అంతే. మిగతా కోటను చదివేవాడే కట్టుకోవాలి. ఆ సీరియళ్ల కింద రచయిత పేరు కూడా వేసేవారు కాదు. అందుకే ఆ కథలు ఒక మనిషి రాసినవిగా కాక, ఎక్కడో జరిగి మన దాకా వచ్చినవిగా తోచేవి. నెలనెలా చివరి పంక్తి కింద బ్రాకెట్లలో ‘ఇంకా ఉంది’ అని రెండే మాటలుండేవి. తెలుగు పిల్లలకు అద్భుతరసాన్ని నేర్పిన గురువులు ఆ రెండు మాటలే.

అద్భుతానికి స్థాయీభావం విస్మయం అన్నాడు భరతుడు. దానికి విభావాలు, అంటే దాన్ని పుట్టించేవి, చెబుతూ ఉద్యానాలు, దేవాలయాలు, సభలు, విమానాలు, మాయ, ఇంద్రజాలం అని జాబితా ఇచ్చాడు. ఆ జాబితాలో కోట లేదు. కోటను ఆయన వీరానికి వదిలేశాడేమో. గోల్కొండను చూసినవాడికి మాత్రం ఆ పంపకం నచ్చదు.

ఫతే దర్వాజా వరకూ వీరమే. ఏనుగులు కుంభస్థలంతో గుద్దకుండా తలుపుల నిండా ఇనుప ములుకులు దిగ్గొట్టారు. వాటిని చూస్తే ఒళ్లు బిగుస్తుంది, ఆశ్చర్యం కలగదు. అసలు రసం బాలాహిస్సార్ దర్వాజా దగ్గర మొదలవుతుంది. తలుపుకు ఎదురుగా ఒక అడ్డుగోడ నిలబెట్టారు. ఎంత దగ్గరికి వచ్చినా తలుపు కనపడదు. గోడ చుట్టి, మలుపు తిరిగితే అప్పుడు కనపడుతుంది. ఫిరంగికి గురి చిక్కకుండా, శత్రుసేన ఒక్క ఊపున వచ్చి తలుపు మీద పడకుండా చేసిన ఏర్పాటు ఇది. కాని కథకుడు చేసేదీ ఇదే కదా! ఉన్నదని ముందే చెప్పి, చూపించడం ఆలస్యం చేస్తాడు. మలుపు తిరిగాక కమాను మీద గచ్చుపనిలో యాళులు, సింహాలు, నెమళ్లు. సుల్తాను కోటకు మన గుడి గోపురాల జంతువులు కాపలా కాస్తున్నాయి.

లోపల గుమ్మటం కింద గైడు నిలబడి చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు నూట ఇరవై మీటర్ల ఎత్తున కొండ కొమ్ము మీదికి వినపడుతుంది. పైన ఎవరో చెయ్యి ఊపుతారు. ధ్వనిశాస్త్రం ఎంత వివరించినా ఆ క్షణంలో కలిగేది వేరు. మనం ఇంకా గుమ్మంలోనే ఉన్నాం, మన చప్పుడు మాత్రం కొండెక్కేసింది. మనకంటే ముందు వెళ్లి మన రాకను ఎవరికో చెప్పింది. ఎవరికి? ఆ ప్రశ్న పుట్టించడమే ఈ కట్టడం గొప్పతనం. మూడువందలకు పైగా ఉన్న మెట్లు ఎక్కించేది కాళ్లు కావు, ఆ ప్రశ్న.

మెట్లు కూడా తిన్నగా పోవు. ఆయుధాగారం, అక్కన్న మాదన్నల కచేరి, ధాన్యం నింపిన అంబర్‌ఖానా, కొండ పైకి నీళ్లు ఎక్కించిన మట్టి గొట్టాలు ఒక్కొక్కటే మలుపు చాటు నుంచి బయటపడతాయి. అన్నిటిలోకీ రామదాసు చెర దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. చీకటి గది, కప్పులోని కంతలోంచి పడే కాస్త వెలుతురు, గోడ మీద ఆయనే చెక్కాడని చెప్పే సీతారామలక్ష్మణులు. భద్రాచలం గుడి కట్టి రామదాసు అయిన కంచర్ల గోపన్న కథను మనం భక్తికే అప్పగించాం. పిల్లల చెవులతో వినండి. అర్ధరాత్రి ఇద్దరు కుర్రాళ్లు కాపలావాళ్ల కళ్లుగప్పి సుల్తాను తానీషా పడకగదిలో ప్రత్యక్షమవుతారు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెబుతారు. బాకీ సొమ్ము కుప్పపోసి, రసీదు తీసుకుని మరీ మాయమవుతారు. ఆ రసీదు అన్న వివరంలో ఉంది మజా! దేవుడైనా సర్కారు దగ్గర కాగితం పుచ్చుకోక తప్పదని పెట్టిన ఆ కథకుడెవరో గానీ, చందమామలో ఉద్యోగం ఇవ్వదగ్గవాడు.

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ఈ కోట ముందు పడిగాపులు పడ్డాడు. ఒక రాత్రి మొగలు సైనికులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కుతుంటే ఒక ఊరకుక్క మొరిగి కాపలావాళ్లను లేపిందనీ, అబుల్ హసన్ తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించాడనీ ఖాఫీ ఖాన్ రాశాడు. చివరికి కోట పడింది ఫిరంగులకు కాదు, లోపలివాడు తలుపు తీసినందుకు. కుక్కకూ ఆ మనిషికీ మధ్య తేడాను ఏ వ్యాఖ్యానమూ లేకుండా పక్కపక్కన పెట్టి వదిలేసింది చరిత్ర. సాయంత్రం ఇక్కడ వేసే వెలుగునీడల ప్రదర్శనకు ఆ ఓపిక లేదు. అన్నీ విప్పి చెబుతుంది, ఏడవాల్సిన చోట సంగీతం పెట్టి ఏడవమంటుంది. అది మొదలవకముందే, పైన బారాదరి దగ్గర, బండల సందున ఉన్న మహంకాళి గుడి పక్కన నిలబడి పొద్దువాలే వేళ చూడాలి. నల్లరాయి పసుపుబారుతుంది. అద్భుతరసం రంగు పసుపని భరతుడు చెప్పింది ఊరికే కాదనిపిస్తుంది.

ఫలక్‌నుమా సంగతో? కొండ కొమ్మున తేలు ఆకారంలో కట్టిన మహలు, నూటొక్కమంది కూర్చునే భోజనాల బల్ల. కాగితం మీద చూస్తే సాహసకథకు ఇంతకంటే కావలసింది లేదు. వెళ్లి చూస్తే మాత్రం రసం నిలవదు. అంతా మెరుస్తుంటుంది, ప్రతి గదికీ ఒక ఉపయోగం ఉంటుంది. కూలిన గోడ ఒక్కటైనా లేనిచోట ఊహకు కాలు పెట్టే సందు దొరకదు.

సాహసకథకు కోట ఒక్కటీ చాలదు, సముద్రం కూడా కావాలి. గోల్కొండకు సముద్రం లేదనుకుంటాం గానీ ఉంది. దాని పేరు బందరు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఆ రేవులోనే దిగి గోల్కొండ దారి పట్టాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో వజ్రం పుడితే, గోల్కొండలో బేరం తెగి, బందరులో ఓడెక్కేది. ఆ గని ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. బందరుకోటను 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ముంచేసింది. ఆ ఒక్క రాత్రి దాదాపు ముప్ఫైవేల మంది పోయారు. ఇప్పుడు అక్కడ నిలిచినవి కొన్ని మొండిగోడలూ, డచ్చివాళ్ల సమాధులూ. మంగినపూడి దగ్గర ఇసుక కూడా నల్లగా ఉంటుంది. నిధి కథల్లో దీవులుంటాయి, మ్యాపులుంటాయి, కాని ఇలా గని నీటికిందా రేవు ఉప్పెన పాలూ అయి, మధ్యలో కోట ఒక్కటే మిగిలిన కథ ఏ రచయితకూ తట్టలేదు.

ఆ సముద్రం వాసన గోల్కొండలో తగలాలంటే నయాఖిల్లాకు వెళ్లాలి. అక్కడ ఒక ముసలి బావోబాబు ఉంది. ఏనుగు చర్మం లాంటి బెరడు చూసి హాథియోఁ కా ఝాడ్ అన్నారు. నాలుగు వందల ఏళ్లదని అంటారు. మొదలు చుట్టుకొలత ఇరవై ఏడు మీటర్ల పైమాట. లోపల తొర్ర, ఆ తొర్రలో నలభైమంది దొంగలు దాక్కునేవారని కథ. చెట్టు జాతి ఆఫ్రికాది, దొంగల లెక్క అరబ్బీ కథలది, చెప్పే భాష దక్కనీ. విత్తనమూ కథా రెండూ ఏదో ఓడ దిగి వచ్చినవే. తొర్రలో నిజంగా నలభైమంది పడతారా అని పెద్దవాళ్లు వేళ్లు లెక్కబెట్టుకుంటారు. పిల్లలు ఆ గొడవలోకి పోరు. సొమ్ము పంచుకున్నారా, ఇంకా లోపలే ఉందా అని అడుగుతారు.