తెరమీది సుడిగాలి: వినోదమెంత, విజ్ఞానమెంత?

పత్తికట్టె పీకి ఎండకు వదిలిన నల్లరేగడి చేలమీద, మిరపకాయలు ఆరబోసిన కళ్లాలమీద వేసవి మధ్యాహ్నాలలో సుడిగాలి లేవడం గుంటూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులకు కొత్త సంగతి కాదు. దుమ్మూ ఎండుటాకులూ గిర్రున తిరిగి పైకి లేస్తాయి. కొద్ది నిమిషాలలో చల్లారిపోతాయి. ఈ గాలే ముదిరితే టోర్నడో అవుతుందని కొందరనుకుంటారు. అది సరికాదు. చేలలోని సుడిగాలి వేడెక్కిన నేలనుంచి పుడుతుంది. దానికి మేఘంతో పనిలేదు. టోర్నడో ఉరుముల మేఘాన్ని అంటిపెట్టుకొని నేలను తాకే సుడి. ఈ భేదం తెలిసినవారికి టోర్నడో కథగా తీసిన చలనచిత్రాలు చూడడంలో రుచి హెచ్చుతుంది. వాటిలో నిలిచేదేదో, తేలిపోయేదేదో కూడా తెలుస్తుంది.

అటువంటి చిత్రాలలో బాగా పేరుపొందినది 1996లో విడుదలైన ‘ట్విస్టర్’. దర్శకుడు యాన్ డి బాంట్. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో కొందరు శాస్త్రజ్ఞులు టోర్నడోల వెంటబడి తిరుగుతుంటారు. ‘డొరతీ’ అనే పరికరాన్ని సుడి దారిలో నిలిపి, అందులోని వందలాది చిన్నచిన్న గోళాలను లోపలికి ఎగరనిచ్చి, గాలి పోకడను కొలవాలని వారి తాపత్రయం. కథానాయిక జో చిన్నతనంలో తండ్రిని టోర్నడోకే పోగొట్టుకున్నది. హెచ్చరికకు మూడు నిమిషాలే వ్యవధి వున్నదని, దానిని పదిహేను నిమిషాలకు పెంచాలని ఈ బృందం ఆశ.

ఈ పరికరం పూర్తిగా కల్పన కాదు. 1980 దశకంలో అమెరికా వాతావరణ పరిశోధకులు ‘టోటో’ అనే పరికరాన్ని నిజంగానే టోర్నడోల దారిలో పెట్టాలని ప్రయత్నించారు. ఆశించిన ఫలితం రాక విరమించుకున్నారు. నిజమైన ప్రయత్నం ఆధారంగా వున్నందువల్లనే కథకు బలం వచ్చింది. డొరతీని సరియైన చోట, సరియైన క్షణంలో నిలపాలి, నిలిపినవారు తప్పుకోవాలి. ఒకటికి రెండుసార్లు పని చెడుతుంది. ప్రేక్షకుడు కుర్చీ అంచున కూర్చునేది ఈ ఘట్టాలలోనే.

ఆవు గాలిలో ఎగిరే దృశ్యాన్ని అందరూ చెప్పుకుంటారు. 1939లో ‘విజర్డ్ ఆఫ్ ఆజ్’ చిత్రంలో మస్లిన్ గుడ్డతో కుట్టిన పొడవాటి గొట్టాన్ని తిప్పి టోర్నడోను చూపించారు. ‘ట్విస్టర్’ నాటికి ఆ పని కంప్యూటరు చేసింది. చూడముచ్చటైన పనే. కాని చిత్రంలో అన్నిటికంటె బిగువైన ఘట్టం గాలి లేనిది. భోజనాల వద్ద ఒక అతిథి టోర్నడోల తరగతుల గురించి అడుగుతుంది. అందరూ నవ్వుతూ చెబుతారు. అన్నిటికంటె పెద్దదైన ఎఫ్-5ను ఎవరైనా చూశారా అని అడిగేసరికి బల్లచుట్టూ మౌనం ఆవరిస్తుంది. తెరమీద ఏమీ కదలదు. అయినా భయం కలుగుతుంది. తెలిసినవారి మౌనానికి అంత బలం వున్నది.

లోపాలూ లేకపోలేదు. ఎఫ్ తరగతులను 1971లో ప్రవేశపెట్టినవారు టెట్సుయా ఫుజిటా. టోర్నడో దాటిపోయిన తరువాత కూలిన ఇండ్లను, చెట్లను పరిశీలించి తరగతి నిర్ణయిస్తారు. చిత్రంలో మాత్రం దూరంనుంచి చూసి తరగతి చెప్పేస్తారు. ముగింపు ఇంకా విడ్డూరం. ఎఫ్-5 అంటే గంటకు 400 కిలోమీటర్లకు పైబడిన గాలి. అందులో నాయికానాయకులు తోలుపట్టీలతో భూమిలోని గొట్టానికి కట్టుకొని బ్రతికి బయటపడతారు! గాలికంటె గాలిలో ఎగిరివచ్చే రేకులు, కొయ్యలే ఎక్కువగా ప్రాణాలు తీస్తాయి. అంతవరకు గాలిని నమ్మిన ప్రేక్షకుడు ఇక్కడ నమ్మడం మానేస్తాడు. నమ్మకం పోయినచోట వినోదమూ పలచబడుతుంది.

2024లో వచ్చిన ‘ట్విస్టర్స్’ దీనికంటె ఒక అడుగు ముందుకు వేసి జారింది. దర్శకుడు లీ ఐజక్ చుంగ్ పల్లెటూళ్లను, నష్టపోయిన కుటుంబాలను ఓపికతో చూపించాడు. కాని కథానాయిక తేమను పీల్చే రసాయనాలను సుడిలోకి పంపి టోర్నడోనే చల్లార్చివేస్తుంది. తుపాను మేఘాలపై సిల్వర్ అయొడైడు చల్లి వాటి జోరు తగ్గించాలని అమెరికా 1962 నుంచి 1983 వరకు ‘స్టార్మ్‌ఫ్యూరీ’ పేరిట ప్రయత్నించి, ఫలితం తేలక విరమించింది. ఒక బండెడు పొడికి లొంగే గాలి అయితే భయపడేదెందుకు? మొదటి చిత్రంలో మనుషులకు కొలవడం, హెచ్చరించడం మాత్రమే సాధ్యం. ఆ పరిమితిలోనే వుత్కంఠ వున్నది.

ఈ సంగతి కోస్తావారికి సులభంగా బోధపడుతుంది. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను వుప్పెన దివిసీమనూ బాపట్ల తీరాన్నీ ముంచి పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. 2023 డిసెంబరు 5న ‘మిచాంగ్’ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. మిరప, పత్తి, వరి చేలు దెబ్బతిన్నవి. కాని రోజుల ముందుగా హెచ్చరిక అందడంతో తీరంవారిని ముందే తరలించగలిగారు. వందల కిలోమీటర్ల వెడల్పుగల తుపానును రోజుల ముందు గుర్తించవచ్చు. కొన్ని వందల మీటర్ల టోర్నడోకు అమెరికాలో నేటికీ సగటు వ్యవధి పది నిమిషాలకు అటూ ఇటూ మాత్రమే.

ఉపాధ్యాయులు ఈ చిత్రాన్ని పాఠానికి వుపయోగించుకోవచ్చు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవులలో వేలాది చెట్లు ఒక్కసారిగా కూలినప్పుడు అది టోర్నడోయా, మేఘంనుంచి దిగివచ్చిన పెనుగాలియా అని చర్చ జరిగింది. చెట్లు ఏ దిక్కుకు పడ్డాయో చూడడం అటువంటి పరిశీలనకు మొదటి మెట్టు: సుడి అయితే మెలి కనిపిస్తుంది, దిగువగాలి అయితే ఒక చోటునుంచి బయటకు చిమ్మినట్లు పడివుంటాయి. సినిమా చూసిన విద్యార్థికి ఈ ప్రశ్న వేస్తే జవాబుకోసం తానే వెదకుతాడు.

మొత్తంమీద ‘ట్విస్టర్’ వినోదంగా నెగ్గింది. తోలుపట్టీల ముగింపును మన్నించి చూడవచ్చు. ‘ట్విస్టర్స్’ సగమే నెగ్గింది. గాలి తెరమీద ఎంత పెద్దదిగా వున్నా, దానిని కొలవబోయిన మనిషి చేయి వణికినప్పుడే చూసేవాడి గుండె ఝల్లుమంటుంది.