సముద్ర పెప్టైడ్లతో వైద్య పదార్థాల రూపకల్పన: కొలమానంపై ఒక విమర్శ

కృత్రిమ కీళ్లు, క్యాథెటర్లు, దంత ఇంప్లాంట్లు వంటి వైద్య పరికరాల ఉపరితలంపై బాక్టీరియా ఒకసారి బయోఫిల్మ్‌గా స్థిరపడితే యాంటీబయాటిక్ చికిత్స తరచుగా విఫలమవుతుంది. అటువంటప్పుడు ఆ పరికరాన్నే తొలగించి, రోగికి మరొక శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది. దీనికి పరిష్కారంగా సముద్ర జీవుల్లోని సూక్ష్మజీవనాశక పెప్టైడ్లతో పరికరాలకు పూత వేయాలన్న ప్రతిపాదన పరిశోధకుల దృష్టిని ఆకర్షించింది. దానికి ఆధారమైన వాదన ఎంతవరకు నిలుస్తుందన్నది విచారించదగిన విషయం.

ఈ వాదనకు గట్టి పునాదే ఉంది. 1988లో హార్స్‌షూ పీత రక్తకణాల నుండి 17 అమైనో ఆమ్లాల టాకీప్లెసిన్‌ను, 1997లో వింటర్ ఫ్లౌండర్ చేప చర్మపు జిగురు నుండి 25 అమైనో ఆమ్లాల ప్లూరోసిడిన్‌ను గుర్తించినట్లు పరిశోధకులు ప్రకటించారు. ధనావేశం గల ఈ పెప్టైడ్లు రుణావేశం గల బాక్టీరియా పొరకు అంటుకొని దానిని ఛిద్రం చేస్తాయి. మానవ దేహంలోని కొన్ని డిఫెన్సిన్లు ఉప్పు సాంద్రత పెరిగితే బలహీనపడతాయి. ప్లూరోసిడిన్ వంటివి ఉప్పులోనూ పనిచేస్తాయి. సముద్ర మూలానికి ఇచ్చే ప్రాధాన్యానికి ఇదొక ముఖ్య కారణం.

అయితే రోగి దేహంలో ఉప్పు ఒక్కటే అవరోధం కాదు. రక్తద్రవంలోని ప్రోటీన్లు పెప్టైడ్లను బంధిస్తాయి. ప్రోటియేజ్ ఎంజైములు వాటిని ముక్కలు చేస్తాయి. ఉప్పును తట్టుకునే గుణం వీటి నుండి రక్షణ కల్పించదు. పైగా టాకీప్లెసిన్ మోతాదు పెరిగితే మానవ ఎర్ర రక్తకణాల పొరనూ ఛేదిస్తుంది.

అంతకంటే మౌలికమైన లోపం కొలమానంలో ఉంది. పెప్టైడ్ ఎంపికకు సాధారణ ఆధారం కనిష్ఠ నిరోధక సాంద్రత. అది ద్రావణంలో స్వేచ్ఛగా కదిలే అణువుకు చెందిన విలువ. టైటానియంపై రసాయన బంధంతో బిగించిన అణువుకు ఆ స్వేచ్ఛ ఉండదు; అది ఏ కొసతో అతుక్కుంది, ఉపరితలానికి ఎంత దూరంలో నిలిచింది అన్నవాటిని బట్టి దాని చర్య మారుతుంది. మృత బాక్టీరియా, రక్త ప్రోటీన్లు పేరుకుంటే పూత కప్పబడిపోతుంది. పెప్టైడ్ క్రమంగా విడుదలయ్యే పూతలో నిల్వ తరిగిపోతుంది. శస్త్రచికిత్స తరువాతి తొలి దినాల రక్షణకు అది చాలవచ్చు గాని, ఏళ్ల తరబడి దేహంలో ఉండే కీలుకు చాలదు.

కనుక ద్రావణంలో ఒక్క రోజులో ముగిసే పరీక్షను ఆధారం చేసుకొని ఒక పదార్థం ఇంప్లాంటుకు తగినదని నిర్ధారించడం తొందరపాటు. పెప్టైడ్ పూత రూపంలో ఉన్నప్పుడు, రక్తద్రవం సమక్షంలో, ఉద్దేశించిన కాలమంతా ఎంత పనిచేసిందో, మానవ కణాలకు ఎంత హాని కలిగించిందో కలిపి నివేదించడం అవసరం. ఆ వివరాలు లేని అధ్యయనం పెప్టైడ్ గురించి చెప్పగలదు గాని, వైద్య పదార్థం గురించి చెప్పలేదు.