ఉద్దానం కెరటాలకు ఎంత బలం, ఎంత విరామం

సర్ఫింగ్ అనగానే కెరటం మీద నిలబడి దూసుకొచ్చే మనిషే కళ్లముందు మెదులుతాడు. నీళ్లలో గడిపిన సమయాన్ని విడదీసి చూస్తే లెక్క వేరు. బోర్డు మీద బోర్లా పడుకొని, రెండు చేతులతో నీటిని వెనక్కి లాగుతూ లోపలికి పోవడానికే దాదాపు సగం సమయం పడుతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బోర్డు మీద కూర్చుని సరైన కెరటం కోసం కాచుకోవడం. కాళ్ల మీద నిలబడేది గంటలో కొద్ది నిమిషాలే. కాబట్టి ఈ ఆటకు కావలసిన బలం ముందు వీపుది, భుజాలది, మెడది. తొడల వంతు ఆ తర్వాతే వస్తుంది.

బోర్లా పడుకొని ఛాతీ పైకెత్తి చూస్తూ చేతులు ఆడించాలంటే నడుము, మెడ కండరాలు అంతసేపూ బిగపట్టి ఉండాలి. భుజం కీలును పట్టి ఉంచే చిన్న కండరాలు ఒకే కదలికను వందల సార్లు చేస్తాయి. సర్ఫర్లకు భుజం నొప్పి తరచుగా రావడానికి కారణం ఇదే. ఇక కెరటం అందిన క్షణంలో అరచేతులు బోర్డు మీద ఆనించి, ఒంటిని ఒక్క ఉదుటున లేపి, పాదాలు రెండూ కిందకు తెచ్చుకోవాలి. ఇదంతా సెకను వ్యవధిలో జరిగిపోవాలి. ఇది మొండి బలంతో అయ్యే పని కాదు, వేగంతో కూడిన బలం కావాలి.

ఈ కదలికకు దగ్గరి సాధన మన తాలింఖానాల్లో ఏనాటి నుంచో ఉంది. దండీలు తీసేవాడు నడుము పైకెత్తి, తల కిందుగా దిగి, ఛాతీని నేలకు రాసుకుంటూ ముందుకు జారి, వీపు వంచి తల ఎత్తుతాడు. అరచేతుల మీద ఒంటి బరువు ఆపడం, వెన్నును పైకి వంచడం, భుజాన్ని దాని పూర్తి పరిధిలో తిప్పడం అన్నీ ఇందులో వచ్చేస్తాయి. బస్కీలు కాళ్ల పని చూస్తాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఉద్దానం ఉన్న శ్రీకాకుళం ప్రాంతానికి బలసాధన మీద మోజు కలిగించిన మనిషి. విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్ నడిపి, దేశమంతటా పేరు పొందారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. తర్వాతి కాలంలో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. బరువు ఎత్తడం శ్రీకాకుళం జిల్లాకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. నేర్వవలసింది ఎప్పుడు ఆపాలన్నది.

బరువు ఎత్తినప్పుడు కండరం బలపడదు, అలసిపోతుంది. పోగుల్లో సన్నని చిరుగులు పడతాయి, నిల్వ ఉన్న చక్కెర ఖర్చవుతుంది. బాగుచేసుకునే పని తర్వాత మొదలవుతుంది. గట్టి సాధన తర్వాత కండరంలో కొత్త ప్రోటీను తయారీ ఒకటి రెండు రోజుల పాటు ఎక్కువగా సాగుతుంది. అలవాటు లేని పని చేస్తే నొప్పి రెండో రోజున ముదిరి, ఆ తర్వాత తగ్గుతుంది. అందుకే ఒకే కండరాల గుంపుకు రెండు గట్టి సాధనల మధ్య 48 గంటలైనా ఎడం ఇవ్వాలంటారు. ఎడం ఇవ్వకుండా రోజూ ఛాతీ, చేతులే తోమే కుర్రాళ్లు ప్రతి జిమ్‌లోనూ కనిపిస్తారు. అద్దంలో కనపడని వీపును వదిలేసి, కనపడే ఛాతీని పెంచితే భుజాలు ముందుకు వంగిపోతాయి. సర్ఫింగ్‌కు అది నేరుగా చేటు. ఒక తోపుడు కసరత్తు చేస్తే రెండు లాగుడు కసరత్తులు చేయాలన్న పద్ధతి ఈ ఆటకు చక్కగా సరిపోతుంది.

విరామానికి చిన్న కొలతా ఉంది, పెద్ద కొలతా ఉంది. భారీ బరువు ఎత్తే రెండు విడతల మధ్య రెండు నుంచి అయిదు నిమిషాలు ఆగాలి. నాలుగైదు వారాలకు ఒకసారి ఎత్తే మొత్తాన్ని సగానికి తగ్గించి ఒక వారం తేలిగ్గా నడపాలి. అన్నింటికన్నా పెద్దది నిద్ర. పెద్దవాళ్లకు రాత్రి ఏడు గంటలకు తగ్గకూడదు.

ఎక్కడ ఆగి ఎక్కడ బలం వాడాలో చూపే పాఠం ఉద్దానం తీరంలో రోజూ కనిపిస్తుంది. అక్కుపల్లి నుంచి నువ్వలరేవు దాకా ఏ ఊరి ఒడ్డున నిలబడినా చాలు. వేటకు పోయేవాళ్లు పడవను నీటి అంచు దాకా భుజాలు ఆనించి నెట్టుకొస్తారు. వెంటనే లోపలికి తోయరు. కెరటాలు గుంపులుగా వస్తాయని వాళ్లకు తెలుసు. పెద్దవి వరసగా విరిగిపోయే దాకా నడుములోతు నీళ్లలో పడవ అంచు పట్టుకొని, ఒళ్లు వదులు చేసి నిలబడతారు. కాస్త తెరిపి దొరకగానే ఒక్కుమ్మడిగా నెట్టి, ఎగిరి ఎక్కి, కెరటాలు విరిగే చోటు దాటేదాకా ఊపిరి బిగబట్టి పని చేస్తారు. దాటాక మళ్లీ ఒళ్లు వదులుతారు. మొత్తం శ్రమ ఒకటి రెండు నిమిషాలదే. ముందు కాచుకోకుండా తోసుంటే ఆ శ్రమకు పదింతలు పట్టేది, పైగా పడవ తిరగబడేది. సర్ఫర్ కూడా ఇలాగే తెరిపి కోసం ఆగి లోపలికి పోవాలి. ఎదురొచ్చిన ప్రతి కెరటంతోనూ కలబడితే మొదటి పది నిమిషాల్లోనే భుజాలు చచ్చుబడిపోతాయి.

సర్ఫింగ్‌లో ఓపికా (ఎక్కువసేపు అలవకుండా శ్రమించే శక్తి) కావాలి, బలమూ కావాలి. రెంటినీ ఒకేసారి గరిష్ఠంగా పెంచుకోవడం కుదరదని పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ 1980లో ప్రచురించిన పరిశోధన చూపింది. పది వారాలు బరువులూ ఓపిక సాధనా కలిపి చేసినవాళ్ల బలం మొదట్లో పెరిగి, తర్వాత నిలిచిపోయి, చివరి రెండు వారాల్లో తగ్గింది. బరువులు మాత్రమే ఎత్తినవాళ్ల బలం పెరుగుతూనే పోయింది. ఆ ప్రయోగంలో సాధన చాలా గట్టిది, వారంలో దాదాపు ప్రతి రోజూ సాగింది. ఓపిక సాధన వద్దని దీని అర్థం కాదు. రెండూ ఒకే వారంలో గట్టిగా చేస్తే ఒకటి రెండోదాన్ని తినేస్తుందని దీని అర్థం. సముద్రంలో గంటన్నర గడిపిన రోజు వీపుకు, భుజాలకు సాధన అయిపోయినట్టే లెక్క. ఆ సాయంత్రం మళ్లీ జిమ్‌కు పోయి భుజాలకు పని పెట్టడం దండగ.

ఎప్పుడు ఏ సాధన చేయాలో ఇక్కడి ఏడాది క్రమమే చాలావరకు దారి చూపిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా బంగాళాఖాతం ఈ వైపు కాస్త శాంతంగా ఉంటుంది. బరువులు పెంచుకోవడానికి అదే అదను. వారానికి మూడు రోజులు దండీలు, బస్కీలు, తాడు లాగడం, కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాక్కోవడం పెట్టుకోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన కట్టడి అది. ఎండ నిప్పులు చెరిగే ఆ నెలల్లో సర్ఫర్ కూడా సాధన తగ్గించుకోవడమే మేలు. జూన్ నుంచి నైరుతి గాలులకు కెరటాలు బలపడతాయి. అప్పుడు సముద్రానికే పెద్దపీట. పెంచుకున్న బలం నిలబెట్టుకోవడానికి బరువు తగ్గించకుండా వారానికి ఒక్క సాధన చాలు. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. హెచ్చరిక వచ్చిన రోజున ఎంత బలమున్నా ఒడ్డు దాటకూడదు. పలాస పక్కనున్న కాశీబుగ్గ నుంచి సర్ఫింగ్ నేర్చుకోవాలనుకునేవారు విశాఖలో రుషికొండ వైపు పోవడం మంచిది. నేర్పేవారు లేకుండా ఇక్కడి ఒడ్డున దిగడం మంచిది కాదు. ఈత రానివారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ ప్రాంతంలో విరామం గురించి మాట్లాడేటప్పుడు మూత్రపిండాల సంగతి పక్కన పెట్టలేం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని చేయడం, అతిగా నొప్పి మాత్రలు వాడటం మూత్రపిండాలపై భారం పెంచుతాయన్నది మాత్రం వైద్యం ఒప్పుకున్న మాట. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది.

సాధన చేసేవాడికి ఇందులో సూటిగా పనికొచ్చే విషయాలున్నాయి. నీళ్లలో ఉన్నప్పుడు చెమట తెలియదు గానీ పడుతూనే ఉంటుంది. సముద్రంలోకి దిగే ముందు, వచ్చాక బరువు చూసుకోండి. కిలో తగ్గిందంటే సుమారు లీటరు నీరు పోయినట్టు. అంతకు కాస్త ఎక్కువే, కొద్దిగా ఉప్పు కలిపి, నిదానంగా తాగాలి. గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు బాగా పనికొస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం కొబ్బరి నీళ్లలోని పొటాషియం మంచిది కాదు, ఉప్పు విషయంలోనూ డాక్టరు మాటే వినాలి. భుజం నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్ర వేసుకొని మళ్లీ సాధనకు పోవడం ఇక్కడ చాలా ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందడాన్ని ఇంకా తగ్గిస్తాయి. నొప్పికి మందు రెండు మూడు రోజుల ఎడమే. జిమ్ పొడుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. క్రియాటిన్ తీసుకునేవారికి రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపించవచ్చు, అసలు జబ్బు దాని చాటున దాగవచ్చు. చేప, గుడ్డు, ఉలవ గుగ్గిళ్లు, చోడి అంబలి ఇంట్లో దొరికేవే. మూత్రపిండాలు బాగున్నవాడికి అవి చాలు.

చాన్నాళ్లు మానేసి ఒక్కసారిగా వందల బస్కీలు తీసినా, పందేనికి బరువులెత్తినా కండరం విరిగి, దాని రంగు పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను మూసేయవచ్చు. కాబట్టి ఉద్దానంలో సాధన మొదలుపెట్టేవారు ముందు రక్తపోటు చూపించుకొని, సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఏడాదికోసారి మళ్లీ చేయించుకోండి. గట్టి సాధన చేసిన మర్నాడు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, కండరాలు వాచి బిగుసుకుపోతే, జిమ్‌కూ వద్దు, సముద్రానికీ వద్దు. ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.