ఒక చేప – రెండు క్యాలెండర్లు

హౌరా రైల్వే స్టేషను దగ్గర పెద్ద టోకు చేపల మార్కెట్టు ఉంది. కొల్లేరు ప్రాంతపు చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు ఐసులో సర్దిన పెట్టెల్లో లారీలమీద అక్కడికి చేరతాయి. బంగ్లాదేశ్ నుంచి పెట్రాపోల్ సరిహద్దు దాటి ఇలస కూడా వస్తుంది. మన గోదావరిలో పులసగా పేరుపొందినది ఈ ఇలసే.

ఈ రెండింటికీ తేడా ఏమిటి? 1957లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి, మన దేశపు పెంపకం చేపలచేత గుడ్లు పెట్టించారు. అప్పటినుంచి శీలావతి పిల్లలకోసం నదిని వెతకనక్కరలేదు. ఇలస అలా కాదు. అది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. చెరువుల్లో దాన్ని వ్యాపార స్థాయిలో పెంచడం ఇంకా సాధ్యపడలేదు. కాబట్టి దాని దారిలో ఉన్న దేశాలన్నీ కలిసి కాపాడితేనే అది మిగులుతుంది.

మరి కలిసి కాపాడామా? తూర్పు తీరంలో మన దేశం 2015 నుంచి ఏప్రిల్ 15 – జూన్ 14 మధ్య 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తోంది. బంగ్లాదేశ్ 2019 నుంచి 2024 వరకు మే 20 – జూలై 23 మధ్య 65 రోజులు నిషేధించింది. మీరే లెక్క వేసి చూడండి. రెండు దేశాల నిషేధాలూ కలిసినది 26 రోజులే! మిగతా రోజుల్లో ఒక తీరం వల కట్టిపెడితే, రెండో తీరం వల విసిరింది. నిషేధకాలంలో ఆదాయం పోగొట్టుకున్న జాలరికి ఇది ఎంత అన్యాయం!

1979లోనే బంగాళాఖాత మత్స్య కార్యక్రమం మొదలైంది. 2003లో అది భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు సభ్యులుగా గల అంతర ప్రభుత్వ సంస్థ అయింది. 1995లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ బాధ్యతాయుత మత్స్య వేట నియమావళిని వెలువరించింది. అయితే ఆ నియమావళి స్వచ్ఛందమైనది. తేదీలను సరిచేయవలసినవి ప్రభుత్వాలే. బంగ్లాదేశ్ 2025లో తన నిషేధాన్ని ఏప్రిల్ 15 – జూన్ 11కు మార్చింది. ఇది మెచ్చుకోదగిన అడుగే. కాని చాలా ఆలస్యంగా పడింది.

లోపాలు ఇంకా ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో 23 సెంటీమీటర్లకు లోపు ఇలసను పట్టకూడదు. బంగ్లాదేశ్‌లో ఆ హద్దు 25 సెంటీమీటర్లు. 1975లో ప్రారంభమైన ఫరక్కా ఆనకట్ట ఇలస దారికి అడ్డుపడింది. అంతకుముందు అది అలహాబాదు దాకా పోయేది. 1996 నాటి ఒప్పందం ఫరక్కా దగ్గర నీటిని పంచింది. చేప దారి సంగతి తేల్చలేదు.

దుర్గాపూజకు ముందు పత్రికలు ఎన్ని టన్నుల ఇలస వచ్చిందో లెక్కిస్తాయి. 2025లో బంగ్లాదేశ్ 1,200 టన్నుల ఎగుమతికి అనుమతించింది. అది వ్యాపారం, దాన్నే సహకారమనుకోవడం పొరపాటు. ఎన్ని తల్లిచేపలు నదిలోకి చేరాయి, ఎన్ని పిల్లలు తిరిగి సముద్రంలోకి దిగాయి అని రెండు దేశాలూ కలిసి లెక్కించాలి. అసలైన సహకారం అదే. ఈసారి ఇలస గురించి వార్త చదివినప్పుడు ఆ లెక్క అందులో ఉందేమో చూడండి.